సంఘం మనది - జెండా ఎవరిది?

మేడే వచ్చిందంటే ఊళ్లో జెండాలు ఎగురుతాయి. బస్టాండు దగ్గర ఒక ఎర్రజెండా. మార్కెట్టు దగ్గర ఇంకో ఎర్రజెండా. రైసుమిల్లు దగ్గర మూడు రంగుల జెండా. ఇంకోచోట పసుపు జెండా. మరోచోట గులాబీ జెండా.

ఆ జెండాల కింద నిలబడేది ఎవరు? అందరూ రెక్కల కష్టం మీద బతికేవాళ్లే. హమాలీలు, బీడీలు చుట్టేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, వీధులు ఊడ్చేవాళ్లు, అంగన్‌వాడీ అక్కలు.

పని ఒక్కటే. కష్టం ఒక్కటే. మరి ఇన్ని జెండాలు ఎందుకు? సంఘానికీ పార్టీకీ ఏమిటి సంబంధం? ఆ సంబంధం వల్ల మనకు మేలా, కీడా? ఇవి మనం తెలుసుకోవాల్సిన సంగతులు. ఎందుకంటే చందా కట్టేది మనం. సమ్మె చేస్తే కూలి పోయేది మనకు. గెలిస్తే లాభమూ మనకే.

సంఘం అంటే ఏమిటి?

బీడీల పని తీసుకుందాం. కంపెనీవాళ్లు ఆకు ఇస్తారు, తంబాకు ఇస్తారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి ఇస్తారు. ఒక్కోసారి ఆకు బాగుండదు. ఇచ్చిన ఆకుతో వెయ్యి బీడీలు రావు. తక్కువ పడిన ఆకు మనమే కొనుక్కోవాలి. చుట్టి తీసుకుపోతే, బాగా లేవని కొన్ని బీడీలు ఏరి పక్కన పడేస్తారు. వాటికి కూలి రాదు.

ఒక్క మనిషి పోయి అడిగితే ఏమంటారు? "ఇష్టముంటే చెయ్యి, లేకుంటే మానెయ్యి" అంటారు. రెండు వందల మంది కలిసి అడిగితే ఆ మాట అనలేరు. అందరూ మానేస్తే బీడీలు చుట్టేది ఎవరు? అందుకే అప్పుడు కూర్చుని మాట్లాడతారు. ఇట్లా కూలి కోసం, పనిచేసే చోట మర్యాద కోసం, పనిచేసేవాళ్లు కలిసి పెట్టుకునేదే కార్మిక సంఘం. దాన్నే యూనియన్ అంటాం.

మనకు పొదుపు సంఘాలు తెలుసు. పొదుపు సంఘంలో డబ్బు కూడబెడతాం, అప్పు తీసుకుంటాం. కార్మిక సంఘం పని వేరు. అది యజమానితో మాట్లాడుతుంది. ప్రభుత్వంతో మాట్లాడుతుంది. కానీ రెండింటికీ ఒక పోలిక ఉంది. పొదుపు సంఘంలో లెక్కల పుస్తకం ఉంటుంది, తీర్మానాల పుస్తకం ఉంటుంది. కార్మిక సంఘంలోనూ అవి ఉండాలి.

పార్టీ అంటే ఏమిటి?

పార్టీ ఎన్నికల్లో నిలబడుతుంది. ఓట్లు అడుగుతుంది. గెలిస్తే ప్రభుత్వం నడుపుతుంది, చట్టాలు చేస్తుంది. పార్టీలో కూలివాళ్లు ఉంటారు, రైతులు ఉంటారు, వ్యాపారులు ఉంటారు, మిల్లు యజమానులూ ఉంటారు. పార్టీ వీళ్లందరి ఓటూ అడగాలి.

సంఘం అట్లా కాదు. సంఘంలో ఉండేది పనిచేసేవాళ్లే. యజమాని అందులో ఉండడు. పార్టీ చూపు ఓటు మీద ఉంటుంది. సంఘం చూపు కూలి మీద ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులువుగా తెలుస్తుంది.

రెండింటికీ పొత్తు ఎట్లా కుదిరింది?

ఇది నూరేళ్ల కిందటి కథ. 1918లో మద్రాసులో బట్టల మిల్లుల్లో పనిచేసేవాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు మద్రాస్ లేబర్ యూనియన్. ఒక పద్ధతి ప్రకారం నడిచిన తొలి సంఘాల్లో అది ఒకటి. 1920 అక్టోబర్ 31న బొంబాయిలో పెద్ద సభ జరిగింది. దేశంలోని సంఘాలన్నింటినీ కలిపే ఒక పెద్ద సంఘం పుట్టింది. దాని పేరు ఏఐటీయూసీ. దాని మొదటి అధ్యక్షుడు లాలా లజపతిరాయ్. ఆయన స్వాతంత్ర్యం కోసం పోరాడిన కాంగ్రెస్ నాయకుడు.

చూశారా? మొదటి నుంచీ సంఘాల్లో రాజకీయ నాయకులు ఉన్నారు. దీనికి రెండు కారణాలు.

మొదటి కారణం, అప్పుడు మన దేశాన్ని ఇంగ్లీషువాళ్లు ఏలుతున్నారు. చాలా మిల్లులు, రైళ్లు వాళ్ల చేతిలోనే ఉన్నాయి. కూలి పెంచమని అడిగినా ప్రభుత్వాన్ని ఎదిరించినట్టే అయ్యేది.

రెండో కారణం మనకు బాగా తెలిసిందే. అప్పటి కార్మికుల్లో చాలామందికి చదువు లేదు. అర్జీ రాయాలంటే బయటివాళ్లు కావాలి. కోర్టు కాగితం చదవాలంటే బయటివాళ్లు కావాలి. లెక్కలు రాయాలన్నా బయటివాళ్లే. అందుకే లాయర్లు, చదువుకున్నవాళ్లు సంఘాలకు నాయకులయ్యారు. వాళ్లలో చాలామంది మంచివాళ్లు. జైళ్లకు పోయారు, దెబ్బలు తిన్నారు. కానీ కలం వాళ్ల చేతిలో ఉంది. కలం ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లదే అవుతుంది కదా.

పార్టీలు చీలాయి, సంఘాలూ చీలాయి

స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో నాయకుల దారులు వేరయ్యాయి. దాంతో సంఘాలూ వేరయ్యాయి.

1947 మే నెలలో కాంగ్రెస్ నాయకులు ఐఎన్‌టీయూసీ పెట్టారు. ఏఐటీయూసీ కమ్యూనిస్టుల వైపు ఉంది. 1948లో సోషలిస్టులు హింద్ మజ్దూర్ సభ పెట్టారు. 1955లో భోపాల్‌లో భారతీయ మజ్దూర్ సంఘ్ పుట్టింది. దాన్ని పెట్టింది ఆర్ఎస్ఎస్‌కు చెందిన దత్తోపంత్ ఠేంగడీ. 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలింది. 1970లో సీపీఎం వైపువాళ్లు సీఐటీయూ పెట్టుకున్నారు.

మన దగ్గర తెలుగుదేశం పార్టీకి టీఎన్‌టీయూసీ ఉంది. తెలంగాణ రాష్ట్ర సమితి కూడా తన కార్మిక విభాగాన్ని పెట్టుకుంది. ఆ పార్టీ పేరు 2022లో భారత రాష్ట్ర సమితి అయింది.

ఒక సంగతి గమనించండి. పార్టీ చీలినప్పుడు సంఘం కూడా చీలింది. కానీ మిల్లు చీలలేదు. గని చీలలేదు. కూలి రెండు రకాలు కాలేదు. చీలింది పనిచేసేవాళ్ల బలం ఒక్కటే.

పార్టీ తోడు ఉంటే లాభం ఏమిటి?

లాభం లేదని అనకూడదు. కొన్ని పనులు సంఘం ఒక్కటే చేయలేదు. చట్టం చేయాలంటే పార్లమెంటు కావాలి, లేదా శాసనసభ కావాలి.

కాన్పు సెలవు సంగతి చూద్దాం. 1961లో దీనికి ఒక చట్టం వచ్చింది. ఆ చట్టం వర్తించే చోట పనిచేసే ఆడవాళ్లకు 12 వారాల సెలవు, ఆ రోజులకు జీతం ఇవ్వాలని అది చెప్పింది. 2017లో దాన్ని మార్చారు. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు చేశారు. పొలం కూలికి పోయే ఆడవాళ్లకు ఇది అందదు. అది వేరే మాట. కానీ ఇంత పెద్ద హక్కు ఒక్క మిల్లు గేటు ముందు కూర్చుంటే రాదు. దానికి చట్టసభలో మాట్లాడేవాళ్లు కావాలి.

కనీస కూలి రేటు కట్టేది ప్రభుత్వమే. అంగన్‌వాడీ, ఆశా అక్కలకు డబ్బు ఇచ్చేది ప్రభుత్వమే. మన సంఘం మాటను శాసనసభలో ఎత్తే పార్టీ ఉంటే మేలే. ఒక ఊళ్లో సమ్మె జరిగితే పక్క జిల్లా నుంచి బియ్యం పంపేవాళ్లు ఉంటారు. కేసు పెడితే లాయరును చూసేవాళ్లు ఉంటారు. ఇవన్నీ లాభాలే.

మరి చిక్కు ఎక్కడ వస్తుంది?

మన సంఘానికి తోడున్న పార్టీ ప్రభుత్వంలోకి వస్తే చిక్కు మొదలవుతుంది. నిన్నటిదాకా కూలి పెంచమని అరిచిన నాయకుడు, నేడు కూలి పెంచాల్సిన కుర్చీలో కూర్చుంటాడు. అప్పుడు ఎవరి పక్షం ఉంటాడు?

మన తెలుగువాడు వి.వి. గిరి గారి కథ వినండి. ఆయన రైల్వే కార్మికుల నాయకుడు. ఏఐటీయూసీకి అధ్యక్షుడిగా కూడా పనిచేశాడు. 1952లో కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యాడు. అప్పుడు బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద తగాదా నడుస్తోంది. ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును ప్రభుత్వం తగ్గించి మార్చింది. గిరి గారికి అది నచ్చలేదు. 1954లో మంత్రి పదవికి రాజీనామా చేశాడు. తర్వాత 1969లో ఆయనే మన దేశానికి రాష్ట్రపతి అయ్యాడు.

పదవి వదిలేసేవాళ్లు కొందరే ఉంటారు. అందరూ అట్లా ఉండరు.

ఈ మధ్యది ఇంకో సంగతి. తెలంగాణ రాష్ట్రం కోసం 2011లో సకల జనుల సమ్మె జరిగింది. ఆర్టీసీ కార్మికులు కూడా అందులో దిగారు. రాష్ట్రం వచ్చింది. ఉద్యమం నడిపిన పార్టీ ప్రభుత్వంలోకి వచ్చింది. ఆర్టీసీలో ఆ పార్టీకి దగ్గరగా ఉన్న సంఘం కూడా ఉంది. అయినా 2019 అక్టోబర్ 5న అదే ప్రభుత్వం మీద ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగాల్సి వచ్చింది. ఆర్టీసీని ప్రభుత్వంలో కలపాలనేది వాళ్ల మొదటి కోరిక. సుమారు 48 వేల మంది 52 రోజులు సమ్మె చేశారు. ఆడ కండక్టర్లు కూడా రోడ్డు మీద కూర్చున్నారు. ఆ కోరిక తీరకుండానే సమ్మె ముగిసింది. ఆ తర్వాత ప్రభుత్వం సంఘాలను పక్కనపెట్టి, డిపోల్లో సంక్షేమ కమిటీలు పెట్టించింది.

అంటే ఏమిటి? "మా పార్టీ వచ్చింది, ఇక మన కష్టాలు తీరినట్టే" అని సంఘం నిద్రపోకూడదు. ఏ ప్రభుత్వం వచ్చినా సంఘం మేలుకునే ఉండాలి.

మున్నార్ ఆడవాళ్ల కథ

ఇప్పుడు కేరళకు పోదాం. అక్కడ మున్నార్ అనే కొండ ఊరు ఉంది. చుట్టూ టీ తోటలు. తోటల్లో ఆకు కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. చాలామంది తమిళం మాట్లాడేవాళ్లు. తాతల కాలంలో అక్కడికి వలస పోయినవాళ్ల పిల్లలు. వానలో, చలిలో, జలగల మధ్య బుట్ట మోస్తూ ఆకు కోస్తారు. 2015లో వాళ్లకు రోజు కూలి 232 రూపాయలు.

ఆ తోటల్లో మూడు సంఘాలు ఉన్నాయి. మూడూ మూడు పార్టీలవి. ఆడవాళ్లు చందా కడుతూనే ఉన్నారు. కానీ నాయకులంతా మగవాళ్లే.

ఆ ఏడాది కంపెనీ బోనస్ తగ్గించింది. అంతకుముందు ఏడు 19 శాతం ఇచ్చింది. ఈసారి 10 శాతమే అంది. సంఘాల నాయకులు గట్టిగా మాట్లాడలేదని ఆడవాళ్లకు కోపం వచ్చింది. నాయకులు కంపెనీతో కుమ్మక్కయ్యారని వాళ్లు నిందించారు.

సెప్టెంబర్ నెలలో వేలమంది ఆడవాళ్లు పని ఆపి రోడ్డు మీదికి వచ్చారు. ఏ జెండా లేదు. కంపెనీ ఆఫీసు ముందు కూర్చున్నారు. పెద్ద రోడ్డు మీద బండ్లు ఆపేశారు. సంఘాల నాయకులు వస్తే వెనక్కి పంపేశారు. పార్టీల నాయకులు వచ్చినా చాలామందిని దగ్గరికి రానీయలేదు. తమ గుంపుకు "పెంబిళై ఒరుమై" అని పేరు పెట్టుకున్నారు. ఆడవాళ్ల ఐక్యత అని దాని అర్థం.

తొమ్మిది రోజులు అట్లాగే కూర్చున్నారు. చివరికి ముఖ్యమంత్రి ముందు చర్చలు జరిగాయి. బోనస్, అదనపు సొమ్ము కలిపి 20 శాతం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆడవాళ్లు గెలిచారు.

కథ అక్కడితో అయిపోలేదు. రోజు కూలి 500 చేయాలని కూడా వాళ్లు అడిగారు. కూలి మీద మళ్లీ చర్చలు జరిగాయి. ఆ బల్ల దగ్గర కూర్చునే చోటు గుర్తింపు ఉన్న పాత సంఘాలకే దొరికింది. అక్టోబర్‌లో కూలి 301 రూపాయలకు పెరిగింది. అడిగింది 500, వచ్చింది 301. నవంబర్‌లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఈ ఆడవాళ్లు నిలబడి కొన్ని స్థానాలు గెలిచారు. కానీ 2016 శాసనసభ ఎన్నికల్లో గెలవలేకపోయారు. ఆ తర్వాత వాళ్లలో వాళ్లకు తేడాలు వచ్చాయి. కొందరు వేరే దారి చూసుకున్నారు. గుంపు పలచబడింది.

మున్నార్ మనకు రెండు మాటలు చెబుతుంది. ఒకటి, చందా కట్టేవాళ్లను మరిచిపోయిన సంఘాన్ని ఏ జెండా కాపాడలేదు. రెండు, కోపంతో లేచిన గుంపు ఒక పోరు గెలవగలదు. కానీ ఏళ్ల తరబడి నిలబడాలంటే రిజిస్టరు అయిన సంఘం కావాలి. కమిటీ కావాలి, లెక్కలు కావాలి.

జెండాలు వేరైనా కలిసి నడిచారు

ఇప్పుడు మన ఆంధ్రప్రదేశ్ సంగతి. 2023 డిసెంబర్ 12న అంగన్‌వాడీ అక్కలు, ఆయాలు సమ్మె మొదలుపెట్టారు. అప్పటికి అంగన్‌వాడీ కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు. ఆయాకు 7,000 రూపాయలు. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. పొద్దున్నుంచి పిల్లల్ని చూడాలి, వండి పెట్టాలి, లెక్కలు రాయాలి, ఫోన్లో వివరాలు ఎక్కించాలి. జీతం పెంచాలని, గ్రాట్యుటీ ఇవ్వాలని వాళ్లు అడిగారు. గ్రాట్యుటీ అంటే పని మానేసి వెళ్లేటప్పుడు చేసిన ఏళ్లను బట్టి ఇచ్చే సొమ్ము. అంగన్‌వాడీ వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

వీళ్లంతా ఒకే సంఘం వాళ్లు కాదు. కొందరు సీఐటీయూ వైపు, కొందరు ఏఐటీయూసీ వైపు, కొందరు ఐఎఫ్‌టీయూ వైపు. అయినా మూడు సంఘాలూ కలిసి ఒకే సమ్మె నడిపాయి. కోర్కెల కాగితం ఒక్కటే. ప్రభుత్వం జనవరి 6న ఎస్మా పెట్టింది. ఎస్మా అంటే అత్యవసర పనుల్లో సమ్మె చేయకూడదనే చట్టం. అయినా వాళ్లు లేవలేదు. 42 రోజుల తర్వాత, 2024 జనవరిలో చర్చలు కుదిరాయి. కొన్ని కోర్కెలకు ప్రభుత్వం ఒప్పుకుంది. అన్నీ రాలేదు.

ఒక్కో సంఘం ఒక్కో రోజు సమ్మె పిలుపు ఇచ్చి ఉంటే ఏమయ్యేది? నాలుగు రోజుల్లో పోరు చప్పబడేది. కలిసి ఉన్నారు కాబట్టే 42 రోజులు నిలబడ్డారు.

ఏ పార్టీకీ చెందని సంఘం

పార్టీ లేకుండా సంఘం నడవదా? నడుస్తుంది. గుజరాత్‌లోని అహ్మదాబాద్‌లో 'సేవా' అనే సంఘం ఉంది. అది పూర్తిగా ఆడవాళ్ల సంఘం. దాన్ని మొదలుపెట్టింది ఇలా భట్ అనే ఆమె.

అక్కడ బట్టల బజారులో ఆడవాళ్లు నెత్తిన మూటలు మోసేవాళ్లు. కూలి చాలా తక్కువ. వాళ్ల కష్టం గురించి ఇలా భట్ పత్రికలో రాసింది. వ్యాపారులకు కోపం వచ్చింది. "మేం న్యాయంగానే ఇస్తున్నాం, ఇంత ఇస్తున్నాం" అని వాళ్లూ పత్రికలో చెప్పారు. అప్పుడు ఇలా భట్ ఏం చేసింది? వ్యాపారులు చెప్పిన ఆ రేట్లనే కార్డుల మీద అచ్చు వేయించి మూటలు మోసే ఆడవాళ్లకు పంచింది. "మీరే చెప్పారు కదా, ఇంత ఇవ్వండి" అని వాళ్లు అడగసాగారు. అచ్చులో ఉన్న మాటకు ఎంత బలమో చూడండి.

1972లో సేవాను రిజిస్టరు చేయడానికి పోతే అధికారులు ఒప్పుకోలేదు. "మీకు యజమాని ఎవరు? యజమాని లేనిదే సంఘం ఎట్లా?" అన్నారు. కూరగాయలు అమ్మేవాళ్లకు, ఇంటి దగ్గర కుట్టుపని చేసేవాళ్లకు ఒక్క యజమాని ఉండడు కదా. సంఘం అంటే యజమానితో పోట్లాడటానికే కాదు, పనిచేసేవాళ్లు కలిసి ఉండటానికి అని ఆడవాళ్లు వాదించారు. 1972 ఏప్రిల్‌లో రిజిస్టరు అయింది.

మొదట్లో సేవా ఒక పెద్ద బట్టల మిల్లు కార్మికుల సంఘం నీడలో పెరిగింది. 1981లో రిజర్వేషన్ల మీద అహ్మదాబాద్‌లో గొడవలు జరిగాయి. దళితుల పక్షాన ఇలా భట్ మాట్లాడింది. పెద్ద సంఘం వాళ్లకు అది నచ్చలేదు. సేవాను బయటికి పంపేశారు. అయినా సేవా ఆగిపోలేదు. ఇప్పుడు అందులో 20 లక్షలకు పైగా ఆడవాళ్లు ఉన్నారు. అది ఏ పార్టీకీ చెందదు. కానీ ఏ ప్రభుత్వం ఉన్నా పోయి అడుగుతుంది. ఇలా భట్ 2022లో చనిపోయింది. సంఘం నడుస్తూనే ఉంది.

చట్టం ఏం చెబుతుంది?

1926లో కార్మిక సంఘాల చట్టం వచ్చింది. చాలా ఏళ్లు అదే నడిచింది. 2020లో పార్లమెంటు పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కొత్త చట్టం చేసింది. అది 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చింది. ఈ కోడ్‌లతో సమ్మె చేయడం కష్టమవుతుందని చాలా కేంద్ర సంఘాలు వ్యతిరేకించాయి. 2025 జూలై 9న పది కేంద్ర సంఘాలు దేశమంతా సమ్మె చేశాయి. భారతీయ మజ్దూర్ సంఘ్ అందులో చేరలేదు. ఇక్కడ కూడా జెండాల తేడా కనబడింది.

పాత చట్టంలోనూ కొత్త చట్టంలోనూ మనకు పనికొచ్చే మాటలు కొన్ని ఉన్నాయి.

ఒకటి. సంఘం రాజకీయ పనులకు డబ్బు ఖర్చు పెట్టాలంటే దానికి వేరే నిధి ఉండాలి. మామూలు చందా నుంచి తీయకూడదు. ఆ నిధికి డబ్బు ఇమ్మని ఎవరినీ బలవంతం చేయకూడదు. ఇవ్వలేదని సభ్యత్వం తీసేయకూడదు.

రెండు. సంఘం లెక్కల పుస్తకం చూసే హక్కు ప్రతి సభ్యురాలికీ ఉంది.

మూడు. మంత్రిగా ఉన్నవాళ్లు సంఘం పదవిలో ఉండకూడదు. బయటివాళ్లు ఎంతమంది పదవుల్లో ఉండవచ్చో కూడా ఒక హద్దు ఉంది.

నాలుగు. 20 మంది, లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. పనిచేసేవాళ్లలో ఆడవాళ్లు ఎంత వంతు ఉంటే, కమిటీలో కనీసం అంత వంతు ఆడవాళ్లు ఉండాలి. ఇది కొత్త చట్టంలోని మాట.

ఐదు. పనిచేసేవాళ్లలో 51 శాతం మంది ఒక సంఘం వైపు ఉంటే యజమానితో మాట్లాడే హక్కు ఆ సంఘానిదే. ఇది కూడా కొత్త చట్టంలోదే. కాబట్టి ఎక్కువ మంది ఎటు ఉన్నారన్నది ఇప్పుడు ఇంకా ముఖ్యం.

సింగరేణి బొగ్గు గనుల్లో సంఘాన్ని ఎంచుకోవడానికి ఓటింగు పెడతారు. మామూలు ఎన్నికల్లాగే చాటుగా ఓటు వేస్తారు. 2012లో, 2017లో తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం గెలిచింది. అది తెలంగాణ రాష్ట్ర సమితి వైపు సంఘం. 2023 డిసెంబర్ మొదట్లో రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చింది. అదే నెల 27న గనుల్లో ఓటింగు జరిగింది. కాంగ్రెస్ వైపు సంఘం రెండో స్థానంలో నిలిచింది. గెలిచింది ఏఐటీయూసీ. అంటే శాసనసభకు వేసే ఓటు వేరు, సంఘానికి వేసే ఓటు వేరు. రెండూ ఒకరికే వేయాలని ఎక్కడా లేదు.

సంఘంలో మనం అడగాల్సిన మాటలు

అక్కలారా, ఏ జెండా సంఘంలో ఉన్నా ఈ మాటలు అడగండి.

చందా కట్టాను, రసీదు ఏది?
రసీదు మీద ఎంత రాశారు? ఏ పని కోసం అని రాశారు?
ఏడాదికి ఎంత వసూలయింది? దేనికి ఖర్చయింది?
కమిటీలో ఆడవాళ్లు ఎంతమంది?
యజమానితో చర్చలకు పోయేవాళ్లలో పనిచేసేవాళ్లు ఉన్నారా?
ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు మనకు చదివి వినిపించారా?
పార్టీ సభకు రమ్మంటున్నారు. అది సంఘం తీర్మానమా, నాయకుడి మాటా?
రాకపోతే నా పనికి, నా సభ్యత్వానికి ఏమైనా అడ్డం వస్తుందా?

మంచి నాయకుడు ఈ మాటలకు కోపం తెచ్చుకోడు. పుస్తకం తెచ్చి ముందు పెడతాడు. కోపం తెచ్చుకుంటే మాత్రం ఇంకాస్త గట్టిగా అడగాలి.

పార్టీలో చేరడం తప్పు కాదు. నచ్చిన పార్టీకి ఓటు వేయడం మన హక్కు. సంఘం ఒక పార్టీతో స్నేహంగా ఉండటమూ తప్పు కాదు. కానీ సంఘం తీర్మానాన్ని పార్టీ ఆఫీసులో రాయకూడదు. మనం కూర్చున్న మీటింగులో రాయాలి. పార్టీ తోడు రావచ్చు. దారి మాత్రం సంఘమే చూపాలి.

నూరేళ్ల కిందట కార్మికులకు చదువు లేదు కాబట్టి కలం బయటివాళ్ల చేతికి పోయింది. ఇప్పుడు మనం చదువుతున్నాం. మన పేరు మనమే రాస్తున్నాం. రసీదు చదవగలం. లెక్క కూడగలం. వేలిముద్ర వేసే చోట సంతకం పెడుతున్నాం. సంతకం పెట్టే ముందు కాగితంలో ఏముందో చదువుదాం. తీర్మానాల పుస్తకం ఈసారి మనలో ఒకరు రాద్దాం.

మాటలు - అర్థాలు

చందా: సంఘం నడవడానికి సభ్యులు కట్టే డబ్బు
తీర్మానం: అందరూ కూర్చుని ఒప్పుకుని రాసుకున్న మాట
బోనస్: కూలి కాకుండా ఏడాదికి ఒకసారి ఇచ్చే సొమ్ము
ఒప్పందం: ఇరుపక్షాలు సంతకాలు పెట్టిన కాగితం
ట్రిబ్యునల్: జీతాలు, పని తగాదాల మీద తీర్పు చెప్పే కోర్టులాంటిది

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో ఏ ఏ పనివాళ్లకు సంఘాలు ఉన్నాయి? ఏ పనివాళ్లకు లేవు?
2. మున్నార్ ఆడవాళ్లు సంఘం నాయకుల్ని ఎందుకు వెనక్కి పంపారు? మీరైతే ఏం చేసేవాళ్లు?
3. అంగన్‌వాడీ అక్కలు జెండాలు వేరైనా ఎట్లా కలిసి నడిచారు?
4. మీ సంఘం చందా రసీదు ఒకటి తెచ్చి అందరూ చదవండి. అందులో ఏమేం రాసి ఉందో పలక మీద రాయండి.